చిటికెడు పిండి

వినోద కాశిబుగ్గ పిల్ల. అద్దకం ఇంట్లో పుట్టింది. ఆమె తండ్రి మొగిలయ్య జంపఖానాలు నేసేవాళ్లకు నూలుకు రంగులద్ది ఇచ్చేవాడు. అందుకని, పెళ్లై నర్సంపేట రోడ్డు మీది పల్లెకు కాపురానికి వచ్చేనాటికి ఆమెకు ఏ రంగులు కలిపితే వంకాయ రంగు వస్తుందో తెలుసు గానీ, వంకాయ చెట్టుకు ఏం కావాలో తెలియదు. వచ్చిన వారానికే అత్త సమ్మమ్మ "చేన్లకు పిండి తీస్కపోవాలె, బస్తాకు ఓ చెయ్యి వెయ్యి బిడ్డా" అంటే, "జొన్నపిండా, బియ్యప్పిండా అత్తమ్మా?" అని అడిగింది.

ఆ ఊళ్లో ఎరువును పిండి అంటారు. ఆ ఒక్క మాటతో వినోద పేరు ఊరంతా తిరిగింది. మూడేళ్లయినా పక్కచేను రాయమల్లు ఎదురుపడితే చాలు, "ఏం కోడలా, ఇయ్యాల ఏ పిండితోని రొట్టెలు?" అని అడగకుండా పోడు. మనిషి మంచివాడే. కాకపోతే ఒక హాస్యం దొరికితే దాన్ని అరిగిపోయేదాకా వాడుకునే రకం.

సమ్మమ్మ మాత్రం ఎప్పుడూ నవ్వలేదు. ఆమెకు నవ్వడానికి తీరిక ఉండదు. ఆమె దగ్గర ఒక చపాట మిర్చి గింజ ఉంది. చపాట అంటే చిన్న టమాటాలా గుండ్రంగా, బొద్దుగా ఉండే కాయ. కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. ఆ కారంతో పచ్చడి పెడితే ఏడాది గడిచినా రంగు తగ్గదు. సమ్మమ్మ గింజ ఇంకా మేలైందని చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో పేరు. ఆ ప్రాంతంలో గింజకు దాన్ని కాపాడే మనిషి పేరే పెడతారు. ఒకప్పుడు అది ఎల్లవ్వ గింజ. ఎల్లవ్వ పోయాక ఆమె కోడలి పేరు మీద సమ్మమ్మ గింజ అయింది. కొనుక్కొచ్చిన గింజకు కంపెనీ పేరుంటుంది, దాచుకున్న గింజకు ఆడమనిషి పేరుంటుంది.

నిరుడు కాయ పండే వేళకు వానలు పడి చేను చేనంతా కుళ్లింది. సమ్మమ్మ బురదలో దిగి వెతికితే మంచి కాయలు పదకొండు దొరికాయి. వాటి గింజలే మిగిలినవి. ఇంకెవరి దగ్గరా లేవు, అందరూ ఏనాడో హైబ్రిడ్‌కు మారిపోయారు. ఈసారి నేలమీద నారుమడి పోసే ధైర్యం లేక, ఓంప్రకాశ్ చేత నాలుగు ప్లాస్టిక్ ట్రేలు, కొబ్బరిపొట్టు తెప్పించింది. ఓంప్రకాశ్ ఆమె కొడుకు, వినోద భర్త. వరంగల్‌కూ ఊరికీ మధ్య ఆటో నడుపుతాడు. ట్రేకు తొంభై ఎనిమిది గుంతలు, గుంతకు ఒక గింజ. దాచింది దాచినట్టు అంతా పోసేసింది.

మొలకలు వచ్చి పది రోజులైందో లేదో ఏటూరునాగారం నుంచి ఫోను వచ్చింది. కూతురు పద్మలతకు రెండో కాన్పు, పెద్ద ఆపరేషన్ చేశారు, దగ్గర మనిషి కావాలి. సమ్మమ్మ చీరలు సంచిలో కుక్కుతూనే కోడలికి పాఠం చెప్పింది.

"దినాం పొద్దుగాల తడుపు. ఎండకు ఎక్కువ పెట్టకు. ఆకు పల్చవడ్డట్టు కొడితే బకీట్ నీళ్లల్ల చిటికెడు పిండి కలిపి పొయ్యి. చిటికెడంటే చిటికెడే." మూడు వేళ్లు చూపించింది. బస్సు ఎక్కుతూ, కిటికీలోంచి మెడ బయటపెట్టి, రోడ్డు మీద జనమంతా వినేట్టు అరిచింది. "ఈ నారు పోతే గింజ పోయినట్టేనే వినోదా! మల్ల దొరకది!"

ఆ అరుపు వినోద గుండెలో నాటుకుపోయింది. సుతారమైన పనులు చేసే ఇంటి పిల్ల, ఏ పని ఇచ్చినా పట్టుకుని వదలదు. రోజుకు ఇరవైసార్లు, ట్రేలకు నీడగా కట్టిన షేడ్‌నెట్ కింద దూరి మొక్కల్ని చూసేది. అన్నిసార్లు చూస్తే ఏ పిల్లయినా బక్కగానే కనిపిస్తుంది. ఐదో రోజుకు ఆకులు లేతగా, వెలిసిపోయినట్టు అనిపించాయి. అత్త చెప్పినట్టే డీఏపీ ఎరువు చిటికెడు తీసి, మెత్తగా నూరి, బకెట్లో కలిపి పోసింది. మర్నాడు చూసింది, రంగు మారలేదు. ఆ మర్నాడూ అంతే.

అప్పుడే రాయమల్లు అటువైపు వచ్చాడు. తడిక మీదుగా తొంగిచూసి పెదవి విరిచాడు.

"చిటికెడు ఎవ్వలికి సాలుతది కోడలా? పసిపిల్లలు, ఆకలి మీదున్నయి. కడుపునిండ పెట్టు."

అతను ఆ మాట అనకపోయినా వినోద ఆ పని చేసేదే. ఎందుకంటే ఆమెకు పుట్టింట్లో తెలిసింది ఒకటే లెక్క. గాబులో రంగు ఎంత చిక్కగా ఉంటే నూలుకు అంత ముదురుగా ఎక్కుతుంది. లేత రంగు వస్తే మొగిలయ్య గాబులో ఇంకొంచెం పొడి కలిపి మళ్లీ ముంచేవాడు. వేరు కూడా నీళ్లలో మునిగిన పోగే కదా అనుకుంది పాపం. చిటికెడు పోయి చారెడు అయింది. రెండో రోజు దోసెడు. మూడో రోజు కూడా దోసెడే, పైగా అడుగున మిగిలిన మడ్డి వృథా పోతుందని అది కూడా తిప్పి పోసింది. బయటివాళ్లకు నవ్వొస్తుంది గానీ, ఆమె చేసింది ప్రేమతోనే.

నాలుగో రోజు పొద్దున వినోద నెట్ ఎత్తి చూసింది. నిన్నటిదాకా నిలబడ్డ మొక్కలు తలలు వేలాడేశాయి. ఆకుల అంచులు నిప్పు సోకినట్టు ఎర్రగా మాడాయి. నీళ్లు తక్కువయ్యాయేమో అని గుంతలో వేలు పెట్టింది. తడిగా ఉంది. పిండితే నీరు కారేంత తడి. తడిలో నిలబడి మొక్క దాహంతో ఎండిపోవడం ఏమిటో ఆమెకు అంతుపట్టలేదు.

"ఇంక ఆకలి తీరలే వాటికి. ఇంకో చారెడు వెయ్యి" అన్నాడు రాయమల్లు.

ఓంప్రకాశ్ ఆటో ఆపి పురుగుమందుల దుకాణంలో అడిగి, ఒక సీసా పట్టుకొచ్చాడు. "పురుగేమో అన్నడు. కొడితే పోతదట."

"పురుగు ఏడున్నది? నాకైతే ఒక్కటి గూడ కనపడ్తలేదు" అంది వినోద. సీసా మూత తీయలేదు. ఏం చేయాలో తెలియనప్పుడు ఇంకేదో పోయడానికి ఆమెకు మొదటిసారి భయం వేసింది. ఈ గింజ ఎల్లవ్వ చేతి నుంచి సమ్మమ్మ చేతికి వచ్చి, తన చేతిలో ముగిసిపోతున్నది. జొన్నపిండా, బియ్యప్పిండా అని అడిగిన మాట ఊరు మూడేళ్లు మోసింది. దీన్నైతే ముప్పై ఏళ్లు మోస్తుంది.

మధ్యాహ్నం సమ్మమ్మ ఫోను చేసింది. అల్లుడి ఫోను, అడవి పక్క ఊరు, మాట వస్తూ పోతూ ఉంది.

"నారెట్లున్నదే?"

"మంచిగనే ఉన్నదత్తమ్మా" అంది వినోద. అబద్ధం ఆడడం ఇంత సులువని ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఇంకేమైనా అడుగుతుందేమోనని వెంటనే మాట మార్చింది. "మీరేం చేస్తాన్రు?"

"ఏముంటది, పిల్లను చూస్తాన, పిల్ల తల్లిని చూస్తాన. ఈళ్ల పెరట్ల నిమ్మకాయలు కుప్పలు రాలినయి, ఎవ్వలు పట్టించుకుంటలేరు. పానం ఒప్పక నిన్న కోసి ఉప్పు వెట్టిన. పొద్దుగాల చూస్తే జాడీల సగందాక ఊటే! ముక్కలేమో ముడుసుకపోయినయి. ఒక్క సుక్క నీళ్లు పొయ్యలేనే నేను, అంత ఊట!"

ఫోను తెగిపోయింది. వినోద చెవి దగ్గరే ఫోను పెట్టుకుని నిలబడింది. ఒక్క చుక్క నీళ్లు పోయలేదు. మరి జాడీలో నీళ్లెక్కడివి? ముక్కల్లోవి. ముక్కల చుట్టూ ఉప్పు ఉంటే, ముక్కలో నీరు ఉప్పు దగ్గరికి బయటికి వచ్చేసింది. ముక్క ముడుచుకుపోయింది.

ఆమె మెల్లగా తల తిప్పి ట్రేల వైపు చూసింది.

తను నారు పెంచలేదు. ఊరగాయ పెట్టింది.

ఇంటర్‌లో వినోద బైపీసీ. వేరు నీళ్లు ఎట్లా పీల్చుకుంటుందన్నది నాలుగు మార్కుల ప్రశ్న. వేరు లోపలి నీళ్లకన్నా మట్టిలో నీళ్లు పల్చగా ఉన్నప్పుడే నీరు లోపలికి వస్తుందని, మట్టిలో ఉప్పు చిక్కబడితే నీరు ఎదురు నడిచి బయటికి పోతుందని బట్టీపట్టి, బొమ్మ గీసి, బాణం గుర్తులు పెట్టి మరీ రాసింది. నాలుగుకు నాలుగు వచ్చాయి. ఆ నాలుగు మార్కుల జవాబు ఆమెకు అర్థమైంది మాత్రం ఇప్పుడే, అత్త పెట్టిన నిమ్మకాయ ముక్కల్లోంచి. నూలు చచ్చిన పోగు, దేంట్లో ముంచితే దాన్ని పట్టుకుంటుంది. వేరు బతికున్నది. అది నానదు, తాగుతుంది. పల్చగా కలిపి ఇస్తేనే తాగుతుంది.

తెలిసింది కదా అని పరుగెత్తి బకెట్లు కుమ్మరించలేదు వినోద. అక్కడ పుట్టింటి బుద్ధి పనికొచ్చింది. మొగిలయ్య ఎప్పుడూ గాబులో మొత్తం నూలు ఒకేసారి ముంచేవాడు కాదు, ముందు ఒక పోగు ముంచి చూసేవాడు. వినోద వాలిపోయిన మొక్కలు రెండు పెకిలించి, వేర్లకున్న పొట్టు కడిగింది. వేర్ల చివరలు గోధుమ రంగుకు తిరిగాయి. ఒకదాన్ని వాన నీళ్ల గ్లాసులో పెట్టింది. రెండోదాన్ని తను కలిపిన పిండి నీళ్లలో పెట్టింది. రెండు గ్లాసులూ నీడలో పెట్టి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. ఓంప్రకాశ్ తిండికి వచ్చి చూసి, "ఏంది, టీవీ చూసినట్టు చూస్తానవు?" అన్నాడు.

పగలు మూడు దాటేసరికి వాన నీళ్లలో మొక్క మెడ కొంచెం లేపింది. పిండి నీళ్లలోది గ్లాసు అంచు మీద పడుకుంది. వినోద లేచి కొంగు బిగించింది.

"ఇగో, ఇయ్యాల ఆటో బంద్ పెట్టు. నాకు నీళ్లు అందియ్యాలె."

"ఎన్ని బకీట్లు?"

"తేటగ వచ్చేదాక."

నూలుకు రంగు అద్దడం సగం పనే. అద్దిన నూలును జాడించడం మిగతా సగం. పోగు పట్టుకోని రంగంతా వదిలేదాకా, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడిస్తూనే ఉండాలి. మొగిలయ్య జాడించిన నీళ్లను గాజు గ్లాసులో పట్టి వెలుగుకు పెట్టి చూసేవాడు. చిన్నప్పుడు ఆ గ్లాసు పట్టుకోవడం వినోద పని. ఇప్పుడు ట్రేలను రెండు కర్రల మీద ఎత్తి పెట్టింది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయని వాటిని ముట్టనివ్వలేదు, చూరు కింది డ్రమ్ములో పట్టిన వాన నీళ్లే వాడింది. మగ్గుకు చిల్లులు పొడిచి, చినుకులా మెల్లగా పోస్తూ పోయింది. కింద కారిన నీళ్లు గ్లాసులో పట్టింది. మొదటి గ్లాసు డికాషన్‌లా ఉంది. నీళ్లన్నీ కారిపోయేదాకా ఆగి మళ్లీ పోసింది. ఆగకుండా పోస్తే వేర్లకు ఊపిరాడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు, తడి నూలు కుప్పపెడితే కుళ్లుతుందన్న లెక్కన ఆమే అనుకుంది. ఐదో గ్లాసు పల్చటి టీ. తొమ్మిదో గ్లాసు పట్టినప్పుడు దాని వెనక తన వేళ్ల గీతలు కనిపించాయి.

పొద్దుగూకే వేళకు పని అయిపోయింది. ఓంప్రకాశ్ నడుం పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. "నా ఆటోను గూడ ఇంత మంచిగ ఎన్నడు కడగలే" అన్నాడు. చాలా రోజుల తర్వాత వినోదకు నవ్వొచ్చింది.

తర్వాత వారం ఆమెకు చేయడానికి ఏ పనీ లేదు, అదే కష్టం. తడి ఆరితే నీళ్లు, అంతే. పిండి సంచిని అటక మీద పెట్టించింది, చేతికి అందకుండా. మొదటి మూడు రోజులు మొక్కలు చస్తూనే వచ్చాయి. సగం పైగా పోయాయి. కొన్ని మాత్రం చావలేదు, బతకనూ లేదు, అట్లాగే నిలబడ్డాయి. ఏడో రోజు ఆగలేక ఒక మొక్కను గుంతలోంచి పొట్టుతో సహా మెల్లగా పైకి తీసింది. మాడిన పాత వేళ్ల పక్క నుంచి కొత్త వేళ్లు వచ్చాయి. తెల్లగా, పాలల్లో ముంచినట్టు. వాటి కొనల వెనక సన్నటి నూగు, కొత్త నూలు పోగు మీద ఉండేలాంటిది. తాగే పని ఆ నూగుదే. వినోద దాన్ని తిరిగి గుంతలో కూర్చోబెట్టి, అక్కడే కూర్చుని ఏడ్చింది. సంతోషంతోనే ఏడ్చింది.

బతికినవి లెక్కపెడితే నూట యాభై ఒకటి.

సమ్మమ్మ వచ్చే ముందు రోజు ఓంప్రకాశ్ ఒక ఉపాయం చెప్పాడు. "బతికినయన్నీ రెండు ట్రేలల్లకు మార్చు. తక్కువ మొలిసినయని చెప్తే అయిపాయె. ఎందుకు లొల్లి?"

వినోద ఒక నిమిషం ఆశపడింది కూడా. తర్వాత తల అడ్డంగా ఊపింది. "ఒకపాలి ఫోన్ల అబద్ధం ఆడిన, సాలు. ఖాళీ గుంతలు ఖాళీగనే ఉండనియ్యి."

సమ్మమ్మ బస్సు దిగి, నిమ్మకాయ జాడీ ఉన్న సంచి గడపలో పెట్టి, కాళ్లు కూడా కడుక్కోకుండా నెట్ కిందికి పోయింది. వినోద వెనకే పోయి, అడగకముందే అంతా చెప్పేసింది. సమ్మమ్మ ఖాళీ గుంతల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడుముతూ పోయింది.

"ఎంత పోసినవ్?"

"దోసెడు."

"ఎన్నిపాల్ల?"

"దోసెడు రెండుపాల్ల, చారెడు ఒకపాలి."

"చిటికెడంటే చిటికెడే అని చెప్పిన గదనే! వేళ్లు గూడ చూపెడితినే! దోసెడు పొయ్యనీకె నీకు చేతులెట్ల ఒచ్చినయే!" ఆమె అరుపుకు రాయమల్లు తడిక దగ్గరికి వచ్చి, తన సలహా గుర్తొచ్చి, గప్‌చుప్‌గా వెనక్కి పోయాడు. సమ్మమ్మ లోపలికి పోయి గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు. వినోద గడపలో కూర్చుంది. తిట్టు కంటే ఆ వీపే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

ఎండ వాలాక సమ్మమ్మ లేచి మళ్లీ నెట్ కిందికి వెళ్లింది. ఒక మొక్కను పైకి తీసి, వేర్లను కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. ఇంకోటి తీసింది. ఇంకోటి. ఎంతసేపటికో కేకేసింది.

"ఇట్రా. మాడిన నారు మల్ల ఏరు పోసుడు నేనెన్నడు చూడలే. ఎట్ల కడిగినవ్?"

వినోద గాజు గ్లాసు తెచ్చి చూపించింది. డికాషన్ గ్లాసు నుంచి తొమ్మిదో గ్లాసు దాకా చెప్పింది. నిమ్మకాయ ఊట సంగతి చెప్పినప్పుడు సమ్మమ్మ ఆమె మొహంలోకి వింతగా చూసింది. నలభై ఏళ్లుగా ఒక చేత్తో పచ్చళ్లూ, ఇంకో చేత్తో నారూ పెట్టింది ఆమె. రెంటినీ ఎన్నడూ కలిపి చూడలేదు.

నారు నాటే రోజు వచ్చింది. నూట యాభై ఒక్క మొక్కలంటే ఓ చిన్న మడి, అంతే. అయినా ఆ ఇంట్లో ఆనవాయితీ ప్రకారం మొదటి మొక్క గింజ ఎవరిదో వాళ్లే నాటాలి. వినోద పసుపు, నీళ్ల చెంబు తెచ్చి అత్త ముందు పెట్టింది. సమ్మమ్మ ఒడ్డు మీద కూర్చుని కదల్లేదు.

"నన్ను చూస్తవేంది? నాటు."

"అత్తమ్మా, గింజ మీది..."

"నేనిచ్చిన నారును నువ్వు సంపినవ్" అంది సమ్మమ్మ. ఆ మాటలో మెత్తదనం ఏమీ లేదు. "ఇది నువ్వు బతికించిన నారు. ఇది నాదెట్లయితది? నాటు, పొద్దెక్కుతాంది."

వినోద మడిలోకి దిగింది. గుంతలో మొక్క పెట్టి, మట్టి సర్ది, చిటికెడు పసుపు వేసి, నీళ్లు పోసింది. మొక్క నిలబడింది.

ఒడ్డు మీద రాయమల్లు కాసేపు తచ్చాడాడు. రొట్టెల మాట మాత్రం ఈసారి రాలేదు.

"సమ్మక్కా, నా మడి కాడ నాలుగు మూరల జాగ ఖాళీగున్నది. నీ గింజవి ఓ పది మొక్కలిస్తే..."

"నన్నడుగుతవేంది?" అంది సమ్మమ్మ, మొహం తిప్పకుండానే. "వినోద గింజ అది. వినోదనడుగు."

రాయమల్లు ఇటు తిరిగాడు. వినోద మట్టి చేతుల్తోనే లేచి నిలబడింది. మూడేళ్లుగా ఇలాంటి రోజు కోసం ఎదురుచూస్తున్నట్టు, తాపీగా అంది.

"ఇస్త మామా. గని పిండి మాత్రం నేను చెప్పినంతే పొయ్యాలె."

మూడు వేళ్లు దగ్గరికి చేర్చి చూపించింది.